పట్ట కప్పిన కొండ

కొండ చూడటానికి వెళ్తున్నాను, సెలవు కావాలని అడిగితే మా ఆఫీసులో అందరూ అడిగిన మొదటి మాట, ఏ స్వామి అని. స్వామి లేడు, ఉత్త కొండే అన్నాను. మేనేజరు నన్ను కాస్త జాలిగా చూసి సంతకం పెట్టాడు. ఇంట్లో ఏదో గొడవ జరిగి ఉంటుందని ఆయన అనుకున్నట్టున్నాడు.

గొడవేమీ లేదు. నేను బి.ఎ.లో భూగోళశాస్త్రం చదివాను. ఆ చదువు ఆధారంగా గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. అయినా కొండల మీద పరీక్ష రాసి పాసైనవాణ్ని మా వంశంలో నేనొక్కణ్నే. అందుకే మా అన్నయ్య భార్య సలోమి వదినకి కొండ అవసరం పడినప్పుడు ఫోను నాకు వచ్చింది. నాకు కారు కూడా ఉందన్న విషయం ఆమెకి ఆ తర్వాతే గుర్తొచ్చిందట. నేను నమ్మాను.

మొదటి రోజు: తుమ్ము

చిలకలూరిపేట దాటి పర్చూరు వైపు తిరిగాక భూమి తన పని మానేస్తుంది. ఎగుడూ లేదు, దిగుడూ లేదు. నల్లరేగడి, ఏరేసిన పత్తి మోళ్లు, మిరప చేలు, వాటి మధ్య రోడ్డు. ఆ ప్రాంతంలో అన్నిటికన్నా ఎత్తయిన భూస్వరూపం స్పీడు బ్రేకరు. వదిన పనిచేసే ఊరు అక్కడుంది. ఆమె అక్కడి ప్రాథమిక పాఠశాలలో ఉన్న ఏకైక టీచరు. హెడ్మాస్టరూ ఆమే, గంట కొట్టేదీ ఆమే.

గుంటూరువాణ్ని, మిరపకాయ నాకేం కొత్త అనుకుంటూ కారు దిగాను. దిగీ దిగగానే వరసగా తుమ్మాను. ఊరి చుట్టూ కల్లాల్లో కాయలు ఆరబోసి, కుప్పలు పోసి ఉన్నాయి. ఊరివాళ్లెవరూ తుమ్మరు. ఎక్కడో తుమ్ము వినపడితే ఎవరింటికో చుట్టం వచ్చాడని అర్థమట. మా ఊళ్లో చుట్టం వస్తే కాలింగ్ బెల్ కొడతాడు. ఇక్కడ ఆ ఖర్చు లేదు.

"కళ్లు నలుపుకోబాక" అంది వదిన. అప్పటికే నలుపుకున్నాను.

కళ్లు కడుక్కుని వచ్చాక అసలు సంగతి చూపించింది. మూడో తరగతిలో మన చుట్టూ ఉన్న భూస్వరూపాల పాఠం ఉంది. కొండ, లోయ, మైదానం, వాగు. "భూమి మీద ఎత్తుగా, కుప్పలాగా కనపడేది కొండ" అని చెప్పి, బొమ్మ వేయమందట వదిన. పద్దెనిమిది మంది పిల్లలు, పద్దెనిమిది కొండలు. అన్నీ ఎర్రగా ఉన్నాయి. అన్నిటి మీదా నీలం రంగు టార్పాలిన్ పట్ట కప్పి ఉంది. పట్ట ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెట్టారు. కోటేశు అనే పిల్లవాడి కొండ మీద ఒక కుక్క పడుకుని ఉంది. శ్రావణి అనే అమ్మాయి తన కొండ పక్కన కర్ర పాతి, దానికి బల్బు కట్టింది, రాత్రి కాపలాకి.

నేను కోటేశుని పిలిచి అడిగాను. "కొండకి పట్ట ఎందుకురా?"

"వానొస్తేనో?"

"వస్తే ఏమవుద్ది?"

"మచ్చలొస్తయ్యండి. రేటు రాదు."

కొండకి రేటేమిటని అడగబోయి ఊరుకున్నాను. మర్నాడు చీమకుర్తి వెళ్లాక, అడగకపోవడం మంచిదయిందని తెలిసింది.

ఆమధ్య తనిఖీకి వచ్చిన అధికారి ఈ బొమ్మలు చూసి బాగా నవ్వారట. నవ్వడం అయ్యాక నల్లబల్ల మీద సరైన కొండ స్వయంగా గీసి చూపించారట: రెండు త్రికోణాలు, మధ్యలో సూర్యుడు, కింద నది, పక్కన కొబ్బరి చెట్టు. మళ్లీ వచ్చి చూస్తానన్నారట. చిన్నప్పుడు నేనూ అదే బొమ్మ వేసి పదికి పది తెచ్చుకున్నాను. నిజానికి మా ఇంటి దగ్గర సూర్యుడు కోల్డ్ స్టోరేజీ వెనక నుంచి లేచేవాడు. ఉన్నది ఉన్నట్టు వేసి ఉంటే సున్నా వచ్చేది, నా జీవితం మరోలా ఉండేది.

"వీళ్లది తప్పు కాదయ్యా. పుట్టి బుద్ధెరిగి కొండనేది చూస్తే గదా" అంది వదిన.

నిరుడు పిల్లల్ని ఒక కొండకి తీసుకెళ్లింది కూడా. పైన గుడి ఉంది, గుడి దాకా ఘాట్ రోడ్డు ఉంది. పిల్లలు బస్సులో నిద్రపోయారు, గుడి ముందు లేచారు. తిరిగొచ్చాక ఏం చూశారంటే లడ్డు, కోతి, గాజుల కొట్టు అని చెప్పారట. కొండ చూశామన్నవాడు ఒక్కడు లేడు. పాపం వాళ్లకి దాన్ని చూసే అవకాశం రాలేదు, దాని మీదే నిద్రపోయారు కాబట్టి.

అందువల్ల ఈసారి తల్లిదండ్రుల కమిటీ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. కమిటీ ఛైర్మన్ షేక్ మస్తాన్ గారు. నాలుగెకరాల మిరప సొంతం, మరో ఆరు కౌలు. సాయంత్రం ఆయన కల్లం దగ్గరే ఆయన్ని కలిశాం. కాయలు తిరగేస్తూ మాట్లాడారు. ఆ సీజన్లో అక్కడ ఎవరైనా అలాగే మాట్లాడతారు.

"కొండ చూడ్డానికి కొండ దాకా ఎందుకండీ టీచర్ గారూ. ఫోన్లో లేదా?"

"ఫోన్లో ఎక్కలేరు గదండీ" అంది వదిన.

"ఎక్కి మళ్లీ దిగటమేగా." ఆయన నా వైపు తిరిగారు. "తమరు?"

"మా మరిది. కొండల గురించి చదువుకున్నాడు" అంది వదిన.

"ఏం చేస్తంటారు?"

చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నా చదువు గురించి అంత క్లుప్తంగా తీర్పు చెప్పినవాళ్లు తక్కువ.

చివరికి తేల్చిందేమిటంటే, ఈ కాయల రోజుల్లో సోమవారం ఒక్క రోజు ఇస్తారు. పెద్దవాళ్లంతా కోతలకి పోతే ఇంటి దగ్గర చంటివాళ్లని చూసేది ఈ పిల్లలే మరి. ఆ ఒక్క రోజులో కొండ చూపించాలి. "గుడి చూపిచ్చి పులిహోర పెట్టి తీసుకొస్తే మాత్రం, ఇంక ఎప్పుడూ టూరు మాట ఎత్తబాకండి. నేనూ వస్తా, చూద్దాం" అన్నారు మస్తాన్ గారు.

అప్పటికి శనివారం సాయంత్రం. కొండని వెతకడానికి మాకు మిగిలింది ఆదివారం. వదిన జీవితంలో మొదటిసారి చర్చి ఎగ్గొట్టింది. దేవుడికి చెప్పుకుందట, కొండల్ని చేసినవాడే కాబట్టి అర్థం చేసుకుంటాడని.

రెండో రోజు: మార్టూరులో ఇడ్లీ

మార్టూరులో గ్రానైట్ రాళ్లు కోసి నునుపు చేసే యూనిట్లు రోడ్డుకి రెండు పక్కలా ఉన్నాయి. ఆదివారం కూడా రంపాలు పాడుతున్నాయి. టిఫిను బండి దగ్గర ఆగాం. నాలుగిడ్లీ ముప్పై రూపాయలు. గుంటూరులో ఇదే ప్లేటు నలభై. చట్నీ మాత్రం అక్కడ రెండోసారి అడిగితే ముఖం మాడ్చుకుంటారు, ఇక్కడ అడక్కుండానే పోశారు. చట్నీ కారం గురించి చెప్పను. నిన్నటి కళ్లే ఇంకా తగ్గలేదు.

బండి ఆయన్ని వదిన అడిగింది. "ఈ పక్కన ఒక కొండ ఉండాలి గదండీ? చిన్నప్పుడు బస్సులోంచి చూసిన గుర్తు."

"ఎడం పక్కదా? వెళ్లిపోయిందండీ."

"ఎక్కడికి?"

"చైనాకండి."

ఆయన వేళాకోళం ఆడటం లేదు. కొడుకు దుబాయ్ వెళ్లాడని చెప్పినట్టు చెప్పాడు. తర్వాత ఓదార్పుగా, సగం ఇంకా ఉందని వేలు చూపించాడు. చూశాం. కేకు కోసినట్టు నిలువునా కోసి ఉంది. కోసిన వైపు నున్నగా, కోయని వైపు ముళ్ల చెట్లతో, ఇంకా తన వంతు రాని మనిషిలాగా ఉంది.

"ఇది చూపిస్తే పిల్లలు కొండకి ఒక పక్క గోడ ఉంటదని వేస్తారు" అంది వదిన. పుస్తకంలో కొట్టేసినట్టు దాన్ని మనసులో కొట్టేసి బయల్దేరాం.

చీమకుర్తి: పెరిగే కొండ

చీమకుర్తి వెళ్లే లారీల వెనక కారు నడపడం ఎలా ఉంటుందో తెలియాలంటే పిండి మరలో తల పెట్టి చూడండి. ఊరు చేరేసరికి నా ఎర్ర కారు తెల్ల కారయింది. వైపర్ వేస్తే రెండు విసనకర్రల ఆకారంలో లోకం కనిపించింది.

అక్కడ కొండలుండేవని మా పాఠాల్లో చదివాను. ఇప్పుడున్నది గ్రానైట్ తవ్విన గొయ్యి. గొయ్యి అంటే నుయ్యి లాంటిది అనుకోవద్దు. అంచున నిలబడితే అడుగున లారీలు మెంతి గింజల్లా పాకుతున్నాయి. మెట్లు మెట్లుగా నల్లగా దిగిపోయింది, ఒక మూల పచ్చటి నీళ్లు. లోయకీ, చెరువుకీ, పీఠభూమికీ ఒక్క చోటే ఉదాహరణ కావాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. పిల్లల్ని తేవడానికి ఇంతకన్నా చెడ్డ చోటూ లేదు. కాపలాదారు మమ్మల్ని వెనక్కి జరగమన్నాడు. ఒడిశా నుంచి వచ్చినవాడు, తెలుగు కొత్త. ఆ ఉద్యోగానికి కావలసిన ఒక్క మాట మాత్రం బాగా నేర్చుకున్నాడు: "ఎల్లండి."

వెళ్లాం. రోడ్డు పక్కన చెరుకు రసం బండి ఉంది. గ్లాసు ఇరవై, ఐసు వద్దంటే పాతిక. వేరే ఊళ్లలో ఐసు వేస్తే ఎక్కువ తీసుకుంటారు గదా అంటే, ఐసు లేకపోతే రసం ఎక్కువ పోయాలిగా అంది బండి నడిపే ఆమె. లెక్క సరిగ్గానే ఉంది. ఆమె కూతురు మా మూడో తరగతి పిల్లల వయసుదే. వదిన టీచరు కదా, ఖాళీగా ఉండలేదు.

"కొండంటే ఏంటమ్మా?" అని అడిగింది.

ఆ పిల్ల ఆలోచించకుండా చూపించింది. ఊరి చివర, పనికిరాని రాళ్లు లారీలు తెచ్చి పోసిన గుట్ట. నిజంగానే చుట్టుపక్కల అంత ఎత్తయింది లేదు.

"అదే కొండ. దినామూ పెద్దదవుద్ది. లారీలు పెంచుతయ్యి."

వదిన బడి పిల్లల కొండకి పట్ట ఉంది. ఈ పిల్ల కొండకి పెరుగుదల ఉంది. పుస్తకంలో ఉన్న కొండకి మాత్రమే సూర్యుడు ఉన్నాడు.

కారెక్కాక వదిన చీర మీది తెల్ల దుమ్ము దులుపుకుంది. తర్వాత, "మన వంటింటి గట్టు రాయి, నల్లగా చుక్కలు చుక్కలుగా ఉంటది, అది ఎక్కడిది?" అంది.

ఇక్కడిదే. ఇన్నేళ్లుగా కొండ మీద స్టవ్ పెట్టి టీ కాచుకుంటున్నాం. దానికోసం కారు వేసుకుని ఇంత దూరం రావడం కొంచెం అనవసరమనిపించింది.

"సోమవారం మస్తాన్ గారికి ఏం చెప్పను? కొండలన్నీ వంటిళ్లలోకి వెళ్లినయ్యని చెప్పనా?" అంది. నవ్వుతూ అనలేదు.

పేరు చెప్పని కొండ

అద్దంకి వైపు తిరిగి వస్తుంటే, పొద్దు వాలే వేళ, రోడ్డుకి కాస్త ఎడంగా అది కనిపించింది. దాని పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు లీజుకి దరఖాస్తు పెడతారు.

చూడటానికి గొప్పగా ఏమీ లేదు. గుడి లేదు, కోట లేదు, కనీసం సెల్ టవర్ లేదు. సర్కారు తుమ్మ చెట్లు, ముతక రాళ్లు. పక్కనే మేకలు కాస్తున్న పెద్దాయన మా తెల్ల కారు చూసి దగ్గరికొచ్చాడు.

"రాయి కోసమా?"

"కాదండీ. పిల్లలకి చూపిద్దామని" అంది వదిన.

"ఏం చూపిస్తారమ్మా?"

"కొండని."

"ఉత్త కొండనా?" ఆయన ఒకసారి దాని వైపు చూశాడు, ఏమైనా గమనించలేదేమోనని. "ఇది ఎందుకూ పనికిరాదు. వచ్చి చూశారు, చిల్లులేసి చూశారు. కంకరక్కూడా రాదని పోయారు."

నా డిగ్రీ గుర్తొచ్చి ఆ కొండ మీద నాకు అభిమానం కలిగింది. వదినా నేనూ ఎక్కి చూశాం. మేకల దారి ఉంది, పాములు లేవని పెద్దాయన హామీ ఇచ్చాడు, దిగేటప్పుడు నా చెప్పు తెగింది. అన్నీ అనుకూలంగా ఉన్నట్టే.

మూడో రోజు: గుడ్డు

బస్సులో ఎవర్నీ నిద్రపోనివ్వకూడదని వదిన ఆజ్ఞ. ఆ బాధ్యత నాకు అప్పగించింది. నేను భూగోళశాస్త్రం చెప్పడం మొదలుపెట్టేసరికి ముగ్గురు నిద్రపోయారు. పాటలు పాడించాక లేచారు.

కొండ ముందు దించితే పిల్లలు దాన్ని కింద నుంచి పైదాకా చూశారు. "పట్ట లేదే" అన్నాడు కోటేశు చివరికి. వదిన నా వైపు చూసింది. నేను చెట్ల వైపు చూశాను. మస్తాన్ గారు బస్సు నీడలో తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నారు. "మీరు చూపిచ్చండి. నేను ఈడ నుంచి చూస్తా."

ఎక్కడం బాగానే జరిగింది. సగంలో ఒక చదును బండ మీద అన్నాలకి ఆగాం. పులిహోర వద్దని మస్తాన్ గారు ముందే చెప్పారు కాబట్టి వదిన నిమ్మకాయ అన్నం చేయించింది. తలా ఒక ఉడకబెట్టిన గుడ్డు. కోటేశు గుడ్డు చేతిలోంచి జారింది.

అది ఆగలేదు. బండ మీద నుంచి మెల్లగా కదిలింది, అంచు దాటింది, దారి పట్టుకుని దొర్లుతూ, మలుపులో ఒక రాయికి తగిలి, మళ్లీ దొర్లుతూ వెళ్లిపోయింది. పిల్లలు తినడం మానేసి దాన్నే చూశారు.

"అదేంటండీ, పోతానే ఉంది?" అన్నాడు కోటేశు. ఏడవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

"మీ ఊళ్లో పడితే?" అంది వదిన.

"పడ్డకాడే ఉంటది."

"మరి ఇక్కడ?"

శ్రావణి తన గుడ్డు తీసి బండ మీద పెట్టి, వేలితో చిన్నగా తోసింది. అదీ వెళ్లిపోయింది. ఆ తర్వాత మేం ఎంత చెప్పినా లాభం లేకపోయింది. పద్దెనిమిది గుడ్లలో కడుపుల్లోకి వెళ్లినవి నాలుగైదు ఉంటాయేమో. మిగతావి కింద తుండుగుడ్డ మీద కూర్చున్న మస్తాన్ గారి దిక్కుకి ఒక్కొక్కటిగా చేరుకున్నాయి. వాలు అనే మాటకి నేను రెండు పేజీల జవాబు రాసి పాసయ్యాను. గుడ్డు గురించి అందులో లేదు.

కొండ కొసకి చేరేసరికి పడమట మబ్బు పట్టింది. నాలుగు చినుకులు పడ్డాయి, పెద్ద వానేమీ కాదు. పట్నంలో అయితే పిల్లలు చేతులు చాపి గంతులేసేవాళ్లు. వీళ్లు తమ ఊరున్న దిక్కుకి తిరిగారు. ఒకమ్మాయి, "మా కాయలు" అంది, అంతే.

అప్పుడు కింద నుంచి మస్తాన్ గారు వస్తున్నారు. పంచె ఎగ్గట్టి, ఫోను ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని, మేకల దారి వదిలేసి అడ్డంగా ఎక్కుతున్నారు. కింద సిగ్నల్ లేదు. మా దగ్గరికి చేరేసరికి ఒక గీత వచ్చింది.

"ఏమే, పట్టలు కప్పారా? ఈడ వాన."

అవతల ఆయన భార్య గొంతు మా అందరికీ వినిపించింది. "ఇక్కడ ఎండ మాడిపోతంటే పట్టలేంది? కొండెక్కి నీకేమన్నా అయిందా?"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. ఇక చేయడానికి పనేమీ లేక తలెత్తి ఎదురుగా చూశారు. పిల్లలు అప్పటికే చూస్తున్నారు.

కింద మైదానం ఉంది. కనుచూపు ఆగేదాకా ఎక్కడా ఒక్క మడత లేకుండా పరిచి ఉంది. పచ్చని చేలు, నల్లని దుక్కులు, వాటి మధ్య ఊరూరి చుట్టూ ఎర్రగా నలుచదరాలు, కల్లాలు. పడమటి నుంచి చినుకు కదిలి వస్తోంది. అది ఏ ఊరి మీదికి వస్తే ఆ ఊళ్లో ఎరుపు అంచు నుంచి నీలంగా మారుతోంది. ఎవరో అటు చివరా ఇటు చివరా పట్టుకుని పట్టలు లాగుతున్నారు. మనుషులు కనిపించడం లేదు. ఎరుపు పోయి నీలం రావడమే కనిపిస్తోంది. ఒక కల్లం, పక్కది, దాని పక్కది.

"లాగండి, లాగండి" అన్నాడు కోటేశు చిన్నగా, వాళ్లకి వినపడుతుందన్నట్టు.

"అదిగో అది మా నాన్నది" అంది శ్రావణి.

వాళ్ల ఊరు అక్కడికి బస్సులో గంటకు పైగా దూరం. భూగోళశాస్త్రం చదివిన నేనూ, పాఠం చెప్పే వదినా ఆ సంగతి సరిదిద్దలేదు. నాన్న కల్లం నీలమయ్యేదాకా ఆ పిల్ల ఊపిరి బిగబట్టుకునే ఉంది.

మస్తాన్ గారు చాలాసేపు చూశారు. "టీచర్ గారూ, ఇంత చదునుగా ఉంటదా మనదంతా?"

"ఉంటదండీ. మైదానం అంటే ఇదే."

"యాభై ఏళ్ల నుంచి ఈడే ఉంటన్నా. ఒక్కరూ చెప్పలేదే."

దిగడం వేరే కథ. ఎక్కడం ఎవరూ నేర్పక్కర్లేదు గానీ, దిగడం ఆ పిల్లలకి రాదు. అందరూ ట్రాక్టరు ట్రక్కు దిగినట్టు వెనక్కి తిరిగి, రాళ్లు పట్టుకుని దిగారు. మస్తాన్ గారు కూడా. దారిలో ఆయన రెండు గుడ్లు ఏరుకుని, తుడిచి కోటేశుకిచ్చారు.

మర్నాడు పొద్దున

గుంటూరు బయల్దేరే ముందు బడికి వెళ్లాను. మస్తాన్ గారు అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి తలూపి, వదినతో, "ఆ పాఠంలో వాగూ, లోయా కూడా ఉన్నయ్యంట గదా. కోటేశు చెప్పాడు. కాయలు అమ్ముకున్నాక ఒక రోజు చూసుకోండి" అన్నారు. తర్వాత, ఆలోచించి, "గుడ్లు కొంచెం ఎక్కువ ఉడకబెట్టిచ్చండి" అన్నారు.

లోపల పిల్లలు కొత్త బొమ్మలు వేశారు. ఈసారైనా కొండ కనిపిస్తుందని ఆశగా చూశాను. ఒక్క కాగితంలోనూ లేదు. అన్నిట్లో ఈ చివర నుంచి ఆ చివర దాకా చదునైన నేల, దాని మీద ఎర్ర నలుచదరాలు, సగం నీలంగా. కాగితం అడుగున మాత్రం వరసగా చిన్న చిన్న చెప్పులు. పక్కన ఒక పెద్ద జత, మస్తాన్ గారిది.

తనిఖీ అధికారి మళ్లీ వస్తారని వదిన చెప్పిన మాట గుర్తొచ్చింది. శ్రావణి దగ్గర వంగి అడిగాను. "బాగుందమ్మా. మరి కొండ ఏది?"

ఆ పిల్ల చెప్పుల మీద వేలు పెట్టి నా వైపు చూసింది.

"దాని మీదే నిలబడ్డాం గదండీ. ఎట్టా కనపడుద్ది?"

కాగితం అటూ ఇటూ తిప్పి పరిశీలించినట్టు నటించి, సరిగ్గానే ఉందన్నాను. బయటికొచ్చి తుమ్మాను.